దీవికి ఇల్లు మారేవాళ్లకు ఇంటర్నెట్ వస్తుందో రాదో ముందే చెప్పండి: కేంద్ర సహాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి నమస్కారాలు.

అయ్యా,

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. ఈ ఉత్తరం మా అమ్మగారింటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. నిజానికి నేనిప్పుడు అండమాన్‌లోని హట్ బేలో, మా ఆయన దగ్గర ఉండాలి. ఆయనకు అక్కడ ఉద్యోగం వచ్చింది. గిన్నెలు, పరుపులు, ఊరగాయ జాడీలు సర్దుకుని విశాఖలో ఓడెక్కాం. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) దిగి, మళ్లీ ఇంకో ఓడలో హట్ బే ఉన్న లిటిల్ అండమాన్ దీవికి చేరాం. రెండు నెలల తర్వాత నేనొక్కదాన్నే వెనక్కి వచ్చేశాను. మా మధ్య గొడవలేమీ లేవండీ. ఆ ఇంటికి ఇంటర్నెట్ రాలేదు, అంతే.

నేను ఇంటి నుంచి మెడికల్ కోడింగ్ చేస్తాను. ఆసుపత్రి రికార్డు చదివి ప్రతి జబ్బుకూ, చికిత్సకూ కోడ్ వేయాలి. పనంతా ఆఫీసు సర్వర్‌లోనే. నెట్ తెగితే లాగిన్ పోతుంది, సగం చేసిన చార్టు మళ్లీ మొదటి నుంచి చేయాలి. అందుకే బయల్దేరే ముందే ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు ఫోన్ చేసి అడిగాను. ‘ఫైబర్ ఉంది మేడమ్, అడ్రస్ ప్రూఫ్ ఇస్తే వారంలో పెట్టేస్తారు’ అన్నారు. ఆ మాట నమ్మే మా ఆఫీసులో పర్మిషన్ తీసుకున్నాను, ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

అక్కడికెళ్లాక లైన్‌మన్ వచ్చి చూశాడు. మా వీధి మొదట్లో, కొబ్బరి చెట్టు పక్కన స్తంభం ఉంది. దానికో నల్ల డబ్బా. నిచ్చెన వేసుకుని ఎక్కి మూత తీసి, నాకు కూడా కనపడేలా పట్టుకున్నాడు. లోపల వరసగా తీగలు గుచ్చే పోర్టులు, అన్నింటికీ పసుపు తీగలు. ఒక్కటీ ఖాళీ లేదు. ‘కొత్త డబ్బా రావాలమ్మా, ఆ తర్వాత మీ ఇంటి దాకా ఇంకో రెండు స్తంభాలు పాతాలి’ అన్నాడు. ఎప్పుడొస్తుందంటే ఆ అబ్బాయికి మాత్రం ఏం తెలుస్తుంది? నా దరఖాస్తు రెండు నెలలూ ‘పెండింగ్’ అనే చూపించింది. రాదని ఎవరూ చెప్పలేదు, వస్తుందనీ చెప్పలేదు. రాదని మొదటి వారంలోనే చెప్పి ఉంటే, జెట్టీ దగ్గర ఇంకో ఇల్లు చూసుకునేవాళ్లం.

అన్నాళ్లూ ఫోన్ హాట్‌స్పాట్‌తోనే నెట్టుకొచ్చాను. కిటికీ దగ్గర బియ్యం డబ్బా మీద ఫోన్ పెడితే రెండు గీతలు వచ్చేవి. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరేసరికి అవీ పనికొచ్చేవి కావు. తెల్లవారుజామున మూడింటికి లేచి పని చేసుకునేదాన్ని. వాన పట్టిన రోజుల్లో అదీ కుదిరేది కాదు, టెన్షన్‌తో నిద్ర కూడా పట్టేది కాదు. చివరికి ఆఫీసు వాళ్లు, కనెక్షన్ ఉన్న చోటికి రండి, లేదా మానేయండి అన్నారు.

ఇంకో సంగతి. మా నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఉద్దానంలో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో డాక్టరుగా మీకు వేరే చెప్పనక్కర్లేదు. డయాలసిస్ చేయించుకున్న రోజు సాయంత్రం నాన్న కాళ్ల వాపు వీడియోలో చూస్తే తప్ప నాకు మనసు కుదుటపడదు. ఫోన్ ఎత్తగానే బొమ్మ బిగుసుకుపోయేది. ‘ఏటమ్మా, బొమ్మ ఆగిపోనాది, ఉన్నావా?’ అని అటునుంచి నాన్న అడుగుతూనే ఉండేవాడు. నా మాట మాత్రం ఆయనకు వినపడేది కాదు.

అక్కడ మా పక్కింటి పెద్దావిడ ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి స్థిరపడినావిడ. మా జిల్లా వాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. వెనకటి రోజులు ఇంకా అన్యాయమని ఆవిడ చెప్పింది. అప్పట్లో దీవుల్లో నెట్ అంతా ఉపగ్రహం మీదే. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు సంకేతం వెళ్లి రావాలి, జవాబూ అదే దారిన రావాలి. దాంతో ప్రతి మాటకూ అర సెకను ఆలస్యం. పైగా ఉన్న కాస్త సామర్థ్యాన్నీ అందరూ పంచుకోవాలి. ఆ కష్టం తీర్చడానికే 1,224 కోట్ల రూపాయలతో చెన్నై నుంచి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారు. 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి ప్రారంభించారు. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు అది చేరిన ఏడు చోట్లలో లిటిల్ అండమాన్ కూడా ఒకటి. చాలా గొప్ప పని, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అంత సముద్రం దాటొచ్చిన తీగ రెండు స్తంభాలు లేక మా వీధి మొదట్లో ఆగిపోయింది, అదే నా బాధ.

మా ఊరి సంగతీ చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఊళ్లో ఒక్క జనరేటర్ తిరుగుతుంటే దాని చుట్టూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డాం. అలాంటి ఊళ్లో ఈరోజు కేబుల్ అబ్బాయికి పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికి నిచ్చెన బండికి కట్టుకుని వచ్చి లైన్ ఇచ్చి వెళ్లాడు. మరి దీవిలో ఎందుకు కాదు?

అయ్యా, మొబైల్ సిగ్నల్ ఎక్కడ ఉందో కంపెనీలు తమ వెబ్‌సైట్లలో మ్యాప్ పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో నిబంధన తెచ్చింది. ఇంటి ఫైబర్‌కు కూడా, ముందుగా దీవులకు, అలాంటిదే తప్పనిసరి చేయించండి. ఏ వీధి దాకా తీగ ఉందో, డబ్బాలో ఎన్ని పోర్టులు ఖాళీయో ఇల్లు మారేవాళ్లు బయల్దేరే ముందే చూసుకోగలగాలి. దరఖాస్తు పెట్టిన పదిహేను రోజుల్లో కనెక్షన్ అయినా ఇవ్వాలి, ఇవ్వలేమని కారణంతో కాగితమైనా ఇవ్వాలి. ఆ కాగితం ఉంటే ఆఫీసులో చూపించుకుని గడువు అడుక్కుంటాం.

ఆ చివరి రెండు స్తంభాల ఖర్చు కంపెనీకి గిట్టకపోవచ్చు, మూడు ఇళ్ల కోసం ఎవరు పాతుతారు? సముద్రం కేబుల్‌కు డబ్బిచ్చిన సార్వత్రిక సేవా నిధి ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అయింది. టెలికాం కంపెనీల ఆదాయం నుంచి కట్టించుకునే ఆ నిధిలోంచే దీవుల్లో వీధి స్తంభాలకూ, డబ్బాలకూ డబ్బివ్వండి. మంత్రి కాకముందు ఇంటర్నెట్ మీదే వైద్య విద్యార్థులకు పాఠాలు అందించిన సంస్థను నడిపినవారు మీరు. ఇంటికి నెట్ లేకపోతే ఏమేం ఆగిపోతాయో మీకు తెలుసు.

మా ఆయన ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు. దరఖాస్తు ఇంకా పెండింగ్‌లోనే ఉంది. దాని నంబరు, ఇంటి చిరునామా మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. డబ్బా వచ్చిందని కబురు అందిన రోజే ఓడ టికెట్ తీసుకుంటాను.

ఇట్లు,
ఉద్దానం ఆడపడుచు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా