తొమ్మిది ప్రశ్నలకు తేలే జబ్బు కాదు

సంపాదకులకు,

మానసిక ఆరోగ్యం మీద పత్రికల్లో వ్యాసం వచ్చిందంటే పక్కనే ఒక పెట్టె కూడా ఉంటోంది. అందులో తొమ్మిది ప్రశ్నలు, కింద మార్కులు, ఆ కింద ‘పది దాటితే మీకు డిప్రెషన్ ఉన్నట్టే’ అని తీర్పు. ఈ ఉత్తరం ఆ పెట్టె గురించి, అందులో పట్టకుండా పోయిన సంగతుల గురించి.

ఆ ప్రశ్నలు పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలోవి. మంచి ప్రశ్నావళే. గత రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎంత తరచుగా ఉందో చూసి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు, మొత్తం 27. 2001లో దాన్ని పరీక్షించి చూసినప్పుడు, పది దగ్గర గీత గీస్తే, డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి 88 మందిని పట్టుకుంది, లేనివాళ్లలో నూటికి 88 మందిని సరిగ్గానే వదిలేసింది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. పెట్టె నింపిన వెయ్యిమందిలో 50 మందికి నిజంగా జబ్బు ఉందనుకుందాం. వాళ్లలో 44 మందికి పదో, అంతకంటే ఎక్కువో వస్తుంది. మిగిలిన 950 మందిలోనూ నూటికి 12 చొప్పున 114 మందికి అలాగే వస్తుంది. అంటే మార్కులు చూసుకుని బెంబేలెత్తిన 158 మందిలో జబ్బున్నది 44 మందికే. ప్రశ్నావళిని తప్పుపట్టి లాభం లేదు. అది జల్లెడ. దాంతో తూకం వెయ్యబోయింది మనం.

అసలు ప్రశ్నావళిలో ఆ తొమ్మిదింటి కింద మార్కుల్లేని ప్రశ్న ఇంకొకటి ఉంటుంది. ఈ ఇబ్బందుల వల్ల మీ పని చేసుకోవడం, ఇల్లు చూసుకోవడం, మనుషులతో మెలగడం ఎంత కష్టమవుతోంది అని. చోటు చాలకో, మార్కులు లేవనో, అచ్చులో ఎగిరిపోయేది సరిగ్గా అదే. జబ్బుకీ మామూలు బాధకీ మధ్య గీత ఆ ప్రశ్నలోనే ఉంది.

వైద్యులు నిర్ధారణకు ఆధారం చేసుకునే పుస్తకాలు, అమెరికా మానసిక వైద్యుల సంఘం వారి డీఎస్ఎం-5 అయినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-11 అయినా లక్షణాలు లెక్కపెట్టి ఊరుకోవు. ఎంతకాలంగా ఉంది, బతుకును ఎంత అడ్డుకుంటోంది, మరో కారణం ఏమైనా ఉందా అని కూడా అడుగుతాయి. డీఎస్ఎం ప్రకారం డిప్రెషన్ అనాలంటే తొమ్మిదింటిలో అయిదు లక్షణాలు, రెండు వారాలపాటు, దాదాపు రోజూ ఉండాలి. ఆ అయిదింటిలో దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో ఒకటి ఉండి తీరాలి. ఊరికే నిద్ర పట్టక, నీరసంగా, ఏకాగ్రత లేకుండా ఉంటే ఆ పేరు పెట్టరు. అదుపులో లేని ఆందోళనకు గడువు ఆరు నెలలు. ఒక్కసారి పానిక్ అటాక్, అంటే హఠాత్తుగా ముంచెత్తే భయం, వచ్చినంత మాత్రాన పానిక్ డిజార్డర్ కాదు. అనుకోకుండా మళ్లీ మళ్లీ వస్తూ, ఇంకోటి వస్తుందేమోనన్న బెంగో, దాన్ని తప్పించుకోవడానికి మార్చుకున్న అలవాట్లో నెలపాటు సాగాలి. శుభ్రంగా ఉండేవాళ్లందరినీ ‘ఓసీడీ’ అనడం ఇప్పుడొక సరదా అయింది. ఆ పేరుకు వద్దన్నా వచ్చిపడే ఆలోచనలో, చేసి తీరాలనిపించే చేష్టలో రోజులో గంటకు పైగా తినేస్తూ ఉండాలి, లేదా అవి మనిషిని బాగా బాధపెడుతూ పనికి అడ్డుపడాలి.

ఈ గడువులు ఆకాశం నుంచి ఊడిపడినవేం కావు. నిపుణులు కూర్చుని గీసిన గీతలు, మారుతూనే ఉంటాయి. ఆత్మీయులు పోయిన దుఃఖంలో ఉన్నవాళ్లకు మొదటి రెండు నెలలూ డిప్రెషన్ అని పేరు పెట్టకూడదన్న మినహాయింపు పాత డీఎస్ఎంలో ఉండేది, 2013లో తీసేశారు. 2022 సవరణలో ‘తెమలని దుఃఖం’ అనే రుగ్మతను కొత్తగా చేర్చారు. పెద్దవాళ్లకైతే కనీసం ఏడాది దాటాలన్నారు. అదే రుగ్మతకు ఐసీడీ-11 ఆరు నెలలు చాలంటుంది. రెండు పుస్తకాలకే ఇంత తేడా ఉంటే, పెట్టెలోని పది మార్కుల మీద ప్రమాణం చెయ్యలేం.

మరో కారణం ఉందా అన్న ప్రశ్నను ఇంకా తేలిగ్గా దాటేస్తున్నారు. థైరాయిడ్ మందగించినా, రక్తహీనత ఉన్నా, బీ12 తగ్గినా, మద్యం ఎక్కువైనా, స్టెరాయిడ్లు వాడుతున్నా డిప్రెషన్‌లాగే కనిపించవచ్చు. అన్నింటికంటే ప్రమాదకరమైన పొరపాటు, దిగులూ, అదుపు తప్పిన ఉత్సాహమైన ఉన్మాదమూ విడతలుగా వచ్చే బైపోలార్‌ను కనిపెట్టకపోవడం. నిద్ర బాగా తగ్గినా అలసట లేకుండా, మాట పరుగులు తీస్తూ, డబ్బు విరజిమ్ముతూ వరసగా కనీసం నాలుగు రోజులు గడిచిన కాలం ఎప్పుడైనా ఉందా అని అడగాలి. రోగిని మాత్రమే కాదు, ఇంట్లోవాళ్లనీ అడగాలి. ఎందుకంటే ఆ రోజులు రోగికి జబ్బులా గుర్తుండవు, మంచి రోజుల్లా గుర్తుంటాయి. ఈ ఒక్క ప్రశ్న అడక్కుండా డిప్రెషన్ మందు ఒక్కటే రాస్తే కొందరిలో అది ఉన్మాదంలోకి నెట్టవచ్చు. బైపోలార్‌కు మూలస్తంభం లాంటి మందు లిథియం, దాని దారి వేరు. 1949లో ఆస్ట్రేలియా మానసిక వైద్యుడు జాన్ కేడ్ దాని గుణాన్ని బయటపెట్టాడు. చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి చూస్తే అందులో లిథియం మట్టం సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, 1.5 దాటితే విషమే. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఒళ్లునొప్పులకు ఐబూప్రోఫెన్ లాంటివి వాడినా మట్టం పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే మోతాదు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ‘ఎందుకొస్తుంది’ అన్న శీర్షిక. అక్కడ ప్రతిసారీ ఒత్తిడి, బాల్యం, వంశం, మెదడులో సెరటోనిన్ తగ్గడం అన్నవే వరస కడతాయి. మొదటి మూడూ కొంతకొంత నిజాలే. నాలుగోది అంత సూటిగా ఎవరూ రుజువు చెయ్యలేదు. సెరటోనిన్ మీద పనిచేసే మందు గుణమిచ్చింది కాబట్టి సెరటోనిన్ లోపమే జబ్బు అనడం, మాత్ర వేస్తే తలనొప్పి తగ్గింది కాబట్టి ఒంట్లో పారాసిటమాల్ లోపించింది అన్నట్టే ఉంటుంది. అయితే మా ఫిర్యాదు వేరే ఉంది. జబ్బును మొదలుపెట్టిన కారణం ఒకటైతే, దాన్ని ఇవాళ నిలబెడుతున్న కారణం మరొకటి. చికిత్స ఎక్కువగా పనిచేసేది రెండోదాని మీద. పాఠకుడికి దాని గురించి ఎవరూ చెప్పడం లేదు.

పానిక్‌నే తీసుకోండి. గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది. ‘గుండెపోటు’ అనుకుంటాడు. ఆ భయానికి గుండె ఇంకా వేగం పుంజుకుంటుంది. అనుకున్నది నిజమేననిపిస్తుంది. కొద్ది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగిపోతుంది. కానీ మనిషి ఆ లోపే కూర్చుని, నీళ్లు తాగి, ఎవరి చెయ్యో పట్టుకుని, జేబులో మాత్ర తడుముకుని ఉంటాడు. ‘వాటివల్లే బతికాను’ అన్న పాఠం నేర్చుకుంటాడు. చికిత్స ఆ పాఠాన్ని చెరపాలి. అందుకే ముందు ఈసీజీ వగైరాలు తీసి గుండె బాగుందని తేల్చుకుంటారు. మొదటిసారి ఛాతీనొప్పి వచ్చినప్పుడు పానిక్ అని ఇంట్లోనే తేల్చెయ్యడం మాత్రం తగదు. ఆ తర్వాత ఆ భయపెట్టే అనుభూతులనే కావాలని తెప్పిస్తారు. నిమిషంపాటు కుర్చీలో గిర్రున తిరగడం, సన్నని గొట్టంతో ఊపిరి తీయడం, ఉన్నచోటే పరుగెత్తడం లాంటివి చేయిస్తారు. ఏ ఊతా పట్టుకోకుండా, అదే తగ్గేదాకా ఉండటం ఇందులో కీలకం. అందుకని ‘పానిక్ రాగానే లోతుగా ఊపిరి పీల్చండి’ అన్న సలహా మీద మాకు సందేహం. కొందరికి అది కూడా జేబులో మాత్ర లాంటిదే అవుతుంది.

ఓసీడీలో ఈ చిక్కు ఇంకా గట్టిది. తలుపు వేశానా అన్న అనుమానం, వెళ్లి చూడటం, కాసేపు హాయి, మళ్లీ అనుమానం. చూసిన ప్రతిసారీ వచ్చే హాయే చూడాలన్న తపనను పెంచుతుంది. కాబట్టి ‘ఆలోచించడం మానెయ్’ అంటే పని జరగదు. ఎదుర్కొని, చేష్టను ఆపే పద్ధతి పనిచేస్తుంది. 1966లో మనస్తత్వ శాస్త్రవేత్త విక్టర్ మేయర్ దానికి బాట వేశాడు. భయాలన్నీ రాసి, ఒక్కోదానికి సున్నా నుంచి వంద దాకా తీవ్రత వేసి, మధ్యస్థంగా ఉన్నవాటితో మొదలుపెడతారు. మురికి అనుకున్నదాన్ని ముట్టుకుని చెయ్యి కడగకుండా ఉండటం, తలుపు ఒకసారి వేసి వెనక్కి చూడకుండా వెళ్లడం లాంటివి. వారానికోసారి థెరపిస్టు గదిలో చేస్తే చాలదు, రోజూ ఇంట్లో సాధన ఉండాలి. ఇది చెడేది ఎక్కువగా రెండు చోట్ల. మనసులోనే జపంలా చేసే చేష్టల్ని లెక్కలోకి తీసుకోకపోవడం ఒకటి. ‘ఏం కాదులే, నేను చూశాగా’ అని ఇంట్లోవాళ్లు పదిసార్లు భరోసా ఇవ్వడం రెండోది. ఆ భరోసా ప్రేమతో ఇచ్చినా అదీ చేష్టలో భాగమే. ఒక్కసారిగా ఆపెయ్యకుండా, రోగితో ముందే మాట్లాడుకుని తగ్గించుకుంటూ రావాలి.

డిప్రెషన్‌ను నిలబెట్టేది ముడుచుకుపోవడం. ఓపిక లేక పనులు మానేస్తాడు, పనులతో వచ్చే సంతృప్తి పోతుంది, ఓపిక ఇంకా తగ్గుతుంది. అందుకే ‘మనసు బాగుపడ్డాక చేద్దాం’ అన్న వరస తిరగేసి, ముందు పని, తర్వాత మనసు అంటారు. వారంపాటు గంటగంటకూ ఏం చేశాడో, అప్పుడు మనసు ఎలా ఉందో రాయించి, దాన్నిబట్టి చిన్న పనులు వేళ పెట్టి అప్పగిస్తారు. ‘రోజూ గంట నడక’ అని రాసిస్తే మూడోనాటికి విఫలమయ్యానన్న మరో దిగులు తోడవుతుంది. పది నిమిషాలతో మొదలుపెట్టడం మేలు.

డిప్రెషన్ మందుల విషయంలో జనం మధ్యలో మానెయ్యడానికి కారణం చాలావరకు ఎవరూ ముందే చెప్పకపోవడం. వికారం, తలనొప్పి, కంగారు మొదటి వారంలోనే వస్తాయి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నష్టం ముందు, లాభం తర్వాత. లైంగిక ఇబ్బందులు మాత్రం మందు వాడినన్నాళ్లూ ఉండిపోవచ్చు. సిగ్గుపడి చెప్పకుండా మానేసేవాళ్లు ఎక్కువ. ఇవే మందులు ఓసీడీకైతే మోతాదూ ఎక్కువే, ఓపికా ఎక్కువే కావాలి. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు చూడాలి. బాగుపడ్డాక కూడా డిప్రెషన్ మందు కనీసం ఆరు నెలలు కొనసాగిస్తారు, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం ఉంటుంది. ఈ మందుల్లో ఇది పారాక్సిటిన్‌తో ఎక్కువ, ఒంట్లో చాలాకాలం నిలిచే ఫ్లూఆక్సిటిన్‌తో తక్కువ. పాతికేళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ చనిపోవాలన్న ఆలోచనలు పెరిగాయేమో దగ్గరుండి కనిపెట్టాలి. ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలామ్ లాంటి మాత్రలు అరగంట, గంటలోనే హాయినిస్తాయి కాబట్టి మంచి మందులనిపిస్తాయి. కొన్ని వారాలకే అవి లేనిదే గడవని అలవాటుగా మారతాయి, పైగా భయాన్ని ఎదుర్కొనే సాధనకు అడ్డొస్తాయి.

పెట్టె వెయ్యొద్దని మేం అనడం లేదు. వేస్తే మార్కుల్లేని ఆ ప్రశ్నను కూడా వెయ్యండి. ‘ఉన్నట్టే’ అన్నచోట ‘ఒకసారి చూపించుకోవాలి’ అని మార్చండి. తొమ్మిదో ప్రశ్న, అంటే చనిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించడం గురించి అడిగేది, దానికి వేరే గీత పెట్టండి. మొత్తం మార్కులు మూడే వచ్చినా సరే, ఆ ఒక్కదానికి జవాబు సున్నా కాకపోతే ఆ రోజే ఎవరితోనైనా చెప్పాలనీ, ఆ రోజే డాక్టరును కలవాలనీ మిగతా అక్షరాలకంటే పెద్ద అక్షరాల్లో అచ్చు వెయ్యండి.

ఇట్లు,
మానసిక చికిత్సా రంగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు