నీ చేతికి వచ్చిన నాలుగు తీగలు

చిరంజీవి చిన్నారికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మళ్ళీ ఉదయం పూట వీణ ముందు కూర్చుంటోంది.

మొన్న ఆదివారం ఫోనులో నువ్వు చెప్పిన విషయం ఈ వారమంతా నా మనసులోనే ఉంది. మీ కాలేజీ బృందంలో లీడ్ గిటారు మరొకరికి ఇచ్చి నీకు బేస్ గిటారు అప్పగించారనీ, ఎవరికీ వినిపించని వాయిద్యం నీ వంతుకు వచ్చిందనీ అన్నప్పుడు నీ గొంతులోని బాధ నాకు తెలిసింది. అప్పటికప్పుడు నేను చెప్పిన నాలుగు మాటలు నీకు ఊరడింపుగానే తోచి ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది ఊరడింపు కాదు. విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో మిత్రుడి క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నవాడిని కనుక, 1970ల రాక్ సంగీతంలో నా చెవికి ఇప్పటికీ అందే మొదటి శబ్దం బేస్ గిటారే కనుక, తీరికగా కూర్చుని రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. గిటారు వాయించాలనుకుని బేస్ దగ్గరికి చేరినవాళ్ళలో నువ్వు మొదటిదానివి కావు. 1961లో హాంబర్గ్‌లో బీటిల్స్ బృందం నుంచి స్టువర్ట్ సట్‌క్లిఫ్ తప్పుకున్నప్పుడు, అంతదాకా గిటారూ పియానో వాయిస్తున్న పాల్ మెకార్ట్నీ ఆ ఖాళీని పూరించడానికి బేస్ అందుకున్నాడు. బ్లాక్ సబ్బత్ అనే రాక్ బృందానికి చెందిన గీజర్ బట్లర్ కూడా మొదట గిటారిస్టే; గిటారిస్టు టోనీ అయోమీ ఉన్న బృందంలో రెండో గిటారుకు చోటు లేకపోవడంతో బేస్ వైపు వచ్చాడు. 1970లో వెలువడిన వారి తొలి ఆల్బమ్‌లో 'ఎన్.ఐ.బి.' పాటకు ముందు, వా పెడల్ (కాలితో తొక్కి నాదాన్ని మార్చే పరికరం) గుండా మూలుగుతున్నట్లు సాగే చిన్న బేస్ ఆలాపన అతనిదే. బేస్ చేతికి వచ్చి అప్పటికి కొద్ది కాలమే అయిందన్న సంగతి ఎవరైనా చెబితే తప్ప ఆ వాయింపులో తెలియదు.

ఇక వినిపించదన్న మాట. నీ వాయిద్యంలో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, గిటారు లావు తీగకు సరిగ్గా ఒక స్థాయి కింద. ఫోనులోని చిన్న స్పీకరు అంత మంద్రమైన నాదాన్ని పలికించలేదు. కాబట్టి నీ స్నేహితులు ఫోనులో పాట విని బేస్ వినిపించడం లేదంటే, అది ఆ పరికరానికి ఉన్న లోటు. వీణలో నాలుగు వాయించే తీగలలో చివరిదైన అనుమంద్రాన్ని అమ్మ ఎంత తక్కువసార్లు మీటుతుందో గమనించావు కదా. మీటినప్పుడు మాత్రం గదిలోని గాలి బరువు మారినట్లు అనిపిస్తుంది. ఆ బరువు నీ చేతిలో ఉంది.

అంతకన్నా పెద్ద అధికారం మరొకటి ఉంది. గిటారు స, గ, ప అనే మూడు స్వరాలను కలిపి మోగిస్తోందనుకో. కింద నువ్వు స పలికిస్తే అది నిండైన మేజర్ కార్డు. గిటారు ఏమీ మార్చకుండా అవే మూడు స్వరాలు మోగిస్తున్నా, నువ్వు కింద ధ పలికిస్తే అదే కార్డు మైనరుగా మారి, అంతవరకూ వెలుతురుగా ఉన్న చోట నీడ పడుతుంది. ఆధార షడ్జం జరిగితే స్వరాలు అవే ఉన్నా రాగం వేరైపోవడాన్ని మనవాళ్ళు గ్రహభేదం అంటారు. రెండూ ఒకటేనని అనను కానీ, అమ్మ చేత ఒకసారి వాయించి చూపించమని అడిగితే నేను చెబుతున్నది నీకు వెంటనే బోధపడుతుంది. పైన ఎవరు ఏమి వాయిస్తున్నా, దానికి అర్థం ఏమిటో నిర్ణయించేది కింద ఉన్నవాడే. ఆ దశాబ్దపు రికార్డులలో నాకు గుర్తుండిపోయిన బేస్ వాయింపులన్నీ ఆ నిర్ణయాన్ని ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా తీసుకున్న సందర్భాలే.

అన్నిటికన్నా ముందు ఆల్మన్ బ్రదర్స్ బృందం 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ అనే హాలులో చేసిన కచేరీ రికార్డు వినాలి. అందులో 'విప్పింగ్ పోస్ట్' దాదాపు 23 నిమిషాలు సాగుతుంది. ప్రారంభంలో బెరీ ఓక్లీ బేస్ ఒక్కటే వినిపిస్తుంది, తరువాత గిటార్లు ఒక్కొక్కటిగా వచ్చి దాని మీద నిలబడతాయి. ఆ ఎత్తుగడ పదకొండు మాత్రల లెక్క. ఆ పాట రాసిన గ్రెగ్ ఆల్మన్‌కు అది పదకొండు అన్న సంగతి కూడా తెలియదట. మూడేసి చొప్పున మూడుసార్లు, ఆ పైన మళ్ళీ మొదటికి దూకడానికి రెండు, అంతే అనుకున్నాడట. తకిట తకిట తకిట తక అని తొడ మీద చేత్తో వేసుకుంటూ విను. చివరి 'తక' దగ్గర కాలు ఎక్కడో మెట్టు తప్పినట్లయి, మరుక్షణమే కిందనున్న మెట్టు దొరుకుతుంది. ఆ చిన్న తడబాటు ప్రతి ఆవర్తనంలోనూ వస్తుంది, అయినా ఓక్లీ ఎక్కడా తొందరపడడు. గాయకుడు అందుకోగానే లెక్క పన్నెండుకు మారిపోవడం, మనకు తెలియకుండానే ఊపిరి తేలిక పడడం కూడా గమనించు. ఆ కచేరీ జరిగిన మరుసటి ఏడాది నవంబరులో ఓక్లీ మోటారు సైకిలు ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతనికి 24 ఏళ్ళు. ఆ రికార్డు పెట్టిన ప్రతిసారీ ఆ వయసు నాకు గుర్తుకు వస్తుంది.

లెక్కల మాట వచ్చింది కాబట్టి పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్‌లోని 'మనీ' గురించి కూడా చెప్పాలి. చిల్లర నాణేల గలగల, గల్లాపెట్టె చప్పుడు వంటి శబ్దాలను టేపు మీద ముక్కలుగా కోసి, కొలిచి అతికించి, ఏడు మాత్రల చక్రంగా తిప్పారు. ఆ చక్రం మీదికి రోజర్ వాటర్స్ బేస్ దిగుతుంది. ఏడు అనగానే మిశ్ర చాపు విని పెరిగిన మన చెవికి కొత్తగా ఉండదు; నిజానికి అంత నిదానంగా నడిచే ఏడును రాక్ పాటలో విన్నప్పుడు హాస్టల్ గదిలో నేను గట్టిగా నవ్వేశాను, ఊరి మనిషి పరాయి ఊళ్ళో కనిపించినట్లు. శాక్సఫోన్ కూడా ఆ ఏడులోనే సాగుతుంది. గిటారు వంతు రాగానే లెక్క నాలుగుకు మారుతుంది, చివరి చరణానికి తిరిగి ఏడుకు వస్తుంది. వాటర్స్ వేళ్ళలో గొప్ప వేగం లేదు, విన్నవాళ్ళెవరూ ఉందని అనరు. అయినా ఆ పాటను తలచుకున్నవారి నోటికి మొదట వచ్చేది ఆ బేస్ వరుసే.

వేగం కావాలంటే ద హూ బృందపు జాన్ ఎంట్విస్టల్ ఉన్నాడు. 1973లో వచ్చిన వారి 'క్వాడ్రఫీనియా'లో 'ద రియల్ మి' అనే పాటను, ఒక్క ప్రయత్నంలోనే సరదాగా వాయించేశానని, మిగిలినవాళ్ళు దాన్నే ఉంచేశారని ఆయన తరువాతి కాలంలో చెప్పాడు. అది బేస్ వాయింపు అని నమ్మడం కష్టం. పాటకుడికి సమాంతరంగా మరొక గొంతు పరిగెత్తుతున్నట్లు ఉంటుంది. ఆ ఆల్బమ్‌లో వినిపించే ఇత్తడి ఊదుడు వాయిద్యాలు కూడా ఆయనవే. ఇంత గొప్పవాడి గురించి నా అభిప్రాయం ఒకటి నిజాయితీగా చెప్పాలి. ఆ పద్ధతి ఆ బృందానికే చెల్లుతుంది. అక్కడ డ్రమ్స్ వాయించిన కీత్ మూన్ కాలాన్ని లెక్కపెట్టేవాడు కాదు, ఉరుములు కురిపించేవాడు. గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తీగలన్నిటినీ ఒక్కసారిగా మోగించి లయను పట్టి ఉంచేవాడు. అందుకే బేస్‌కు పైకి ఎగిరే స్వేచ్ఛ దొరికింది. మీ బృందంలో ఎవరు లయను పట్టి ఉంచుతున్నారో చూసుకోకుండా ఎంట్విస్టల్‌ను అనుకరిస్తే పాట చెదిరిపోతుంది.

నా మనసుకు అందరికన్నా దగ్గరివాడు ఫ్లీట్‌వుడ్ మాక్ బృందపు జాన్ మెక్‌వీ. ఆ బృందం పేరులోని 'మాక్' ఆయనే, 'ఫ్లీట్‌వుడ్' డ్రమ్స్ వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్. వినిపించని వాయిద్యం అన్నావు కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను: ముందు నిలబడి పాడేవాళ్ళు ఎందరు మారినా, బృందం పేరు మాత్రం వెనుక నిలబడిన ఆ ఇద్దరిదే. 1977లో వచ్చిన 'రూమర్స్' ఆల్బమ్‌లో 'ద చెయిన్' అనే పాట ఉంది. వేర్వేరు ముక్కలను అతికించి తయారు చేసిన ఆ పాటకు ఐదుగురి పేర్లూ రచయితలుగా ఉన్నాయి. అప్పటికి మెక్‌వీ దంపతులు విడిపోయారు, బృందంలోని మరో జంట కూడా విడిపోయింది, అయినా అందరూ ఒకే స్టూడియోలో కూర్చుని పనిచేశారు. పాట మొదలైన సుమారు మూడు నిమిషాలకు గొంతులన్నీ ఆగిపోతాయి. ఆ ఖాళీలోకి మెక్‌వీ బేస్ దాదాపు ఒంటరిగా వస్తుంది. పది స్వరాల వరుస, మెట్లు లేని బేస్ మీద, తాపీగా. పాట అయిపోయిందనుకున్న చోట అసలు పాట అక్కడి నుంచే మొదలవుతుంది. బ్రిటన్‌లో బీబీసీ వారు ఫార్ములా వన్ కారు పందేల ప్రసారానికి ఏళ్ళ తరబడి వాడుకున్నది ఆ భాగాన్నే. అంతకుముందు మూడు నిమిషాలూ మెక్‌వీ ఏమి వాయించాడో వెనక్కి వెళ్ళి విను. చాలా తక్కువ. ఆ తక్కువే లేకపోతే ఈ పది స్వరాలకు ఇంత బలం వచ్చేది కాదని నా నమ్మకం.

అమ్మకు నచ్చింది వేరు. 1972లో లండన్‌లోని ట్రైడెంట్ స్టూడియోలో లూ రీడ్ పాడిన 'వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్'. అందులో బేస్ వాయించిన హెర్బీ ఫ్లవర్స్ ఎందరి పాటలకో వాయించిన రోజువారీ స్టూడియో కళాకారుడు. వాయుసేన బ్యాండులో ట్యూబా ఊది పైకి వచ్చినవాడు. మొదట నిలువెత్తు డబుల్ బేస్ మీద వాయించి, దాని మీద ఎలక్ట్రిక్ బేస్‌తో పై స్థాయిలో మరొక వరుస చేర్చాడు. ఒకే పాటలో రెండు వాయిద్యాలు వాయిస్తే రెట్టింపు కూలి వస్తుందన్న ఆలోచనతోనే అలా చేశానని ఆయనే దాపరికం లేకుండా చెప్పాడు. ఎక్కువగా రెండే రెండు కార్డుల మధ్య ఊగే ఆ పాటలో, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి వేలు ఎత్తకుండా జారడమే ఆకర్షణ అంతా. అమ్మ మొదటిసారి విన్నప్పుడు వంటింట్లోంచి వచ్చి, "జారు ఎంత శుద్ధంగా పడుతోందండీ" అంది. ఆ మాట విన్నాక ఆ పాటను నేను మరోలా వినలేకపోయాను.

యెస్ బృందపు క్రిస్ స్క్వయర్ గురించి నువ్వే తెలుసుకుంటావు కాబట్టి ఎక్కువ రాయను. 1971 నాటి 'రౌండబౌట్'లో అతని రికెన్‌బ్యాకర్ బేస్ పదునుగా, గిటారుతో పోటీ పడుతున్నట్లు మోగుతుంది. చిన్నతనంలో చర్చిలో బృందగానం పాడినవాడు కనుక అతని బేస్ కూడా పాడుతుంది. లెడ్ జెప్లిన్‌లో జాన్ పాల్ జోన్స్ అయితే, 1970 నాటి 'సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ'లో చేతులతో ఆర్గన్ వాయిస్తూ, బేస్ స్వరాలను కాళ్ళతో పెడల్స్ మీద వాయించాడు. అది విన్న తరువాత బేస్ అంటే నాలుగు తీగల వాయిద్యం పేరు కాదు, పాటలో ఒక బాధ్యత పేరు అని నాకు అర్థమైంది.

నా పాత హెడ్‌ఫోన్లు పార్సిలు చేశాను, చెవిని పూర్తిగా కప్పేవి. వైరు మొదలు దగ్గర కాస్త వదులుగా ఉంది, నెమ్మదిగా పెట్టుకో. ముందు 'విప్పింగ్ పోస్ట్' తొలి రెండు నిమిషాలు విని, మూడేసి చొప్పున వేసుకుంటూ ఎన్నో ఆవర్తనంలో నీ చెయ్యి తప్పిందో నాకు రాయి. నాకు మొదటిసారి నాలుగో ఆవర్తనంలో తప్పింది. సంక్రాంతికి వచ్చేటప్పుడు బేస్ గిటారు తప్పకుండా తీసుకురా. అమ్మ వీణ శ్రుతికి నీ లావు తీగను కలిపి చూడాలని ఆమె ఇప్పటికే రెండుసార్లు అడిగింది.

ఇట్లు,
మీ నాన్న