నడిమధ్యాహ్నం బ్యాటరీ తీగ ఊడితే: కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గూడేల్లో సోలార్ దీపాలు బాగుచేయడం నా పని. పోయిన వేసవిలో ఒక ఇంటికి వెళ్తే ఫ్యాను, రెండు బల్బులు ఒక్కసారే కాలిపోయి ఉన్నాయి. కిటికీ లేని గది కనుక వాళ్లు పగలు కూడా బల్బు వేసుకుంటారు. ప్యానెల్ బాగుంది, బ్యాటరీ బాగుంది. టెర్మినల్‌కు తెల్లగా చిలుము పట్టిందని, తుడుద్దామని ఇంటావిడ మిట్టమధ్యాహ్నం తీగ విప్పిందట. ఆ క్షణంలోనే టప్పున శబ్దం, మాడు వాసన. "నేనే పాడు చేశానా బాబూ?" అని అడిగింది. కాదమ్మా, తప్పు ఆ కంట్రోలర్‌ది అన్నాను. ప్యానెల్‌కూ బ్యాటరీకీ బల్బులకూ మధ్య ఉండి కరెంటును అదుపు చేసే పెట్టె అది.

మనం 12 వోల్టుల ప్యానెల్ అని పిలిచేది మంచి ఎండలో, లోడు (కరెంటు వాడుకునే బల్బు, ఫ్యాను లాంటివి) లేనప్పుడు 21, 22 వోల్టుల దాకా ఇస్తుంది. వచ్చిన కరెంటును తాగుతూ వోల్టేజీని 14 దగ్గర పట్టి ఉంచేది బ్యాటరీయే. అది తప్పుకుంటే నాసిరకం కంట్రోలర్‌లో ఆ 21 వోల్టులూ నేరుగా బల్బుల మీద పడతాయి. ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ శక్తిని లాగే ఎంపీపీటీ రకం కంట్రోలర్‌లో ముప్పు ఇంకా ఎక్కువ. దానిలోని తీగచుట్ట (కాయిల్)లో నిలిచిన శక్తికి పోయే దారి లేక కనురెప్ప పడేలోపే వోల్టేజీ ఎగదన్నుతుంది. మంచి కంట్రోలర్ దాన్ని పసిగట్టి ఛార్జింగ్ ఆపుతుంది, లోడును తెంచుతుంది. మిగిలిన పోటును రక్షణ డయోడ్ మింగుతుంది. ఆ డయోడ్ ఖరీదైనదేమీ కాదు.

ఇప్పుడు లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. వాటిలో బ్యాటరీని కాపాడే సర్క్యూట్, బీఎంఎస్, లోపలి సెల్లుల్లో ఒక్కటి మరీ నిండినా బ్యాటరీని తానే తెంచేస్తుంది. ఎవరూ తీగ ముట్టకపోయినా అదే ముప్పు.

2017లో ఇంటింటికీ కరెంటు ఇచ్చే సౌభాగ్య పథకం కింద, కరెంటు స్తంభాలు చేరని ఇళ్లకు 200 నుంచి 300 వాట్ల ప్యానెళ్లు, ఐదు ఎల్ఈడీ బల్బులు, ఒక డీసీ ఫ్యాను, ఐదేళ్ల నిర్వహణ అన్నారు. ఐదేళ్ల తర్వాత తీగలు విప్పేది ఇంటివాళ్లే కదా!

అందుకే అడుగుతున్నాను. కంట్రోలర్లు కొనేముందు ప్యానెల్ పూర్తి కరెంటు ఇస్తుండగా, లోడు నడుస్తుండగా బ్యాటరీ తీగ లాగి పరీక్షించాలని టెండరులో రాయించండి. ప్యానెల్ తీగకు ఒక స్విచ్ తప్పనిసరి చేయండి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, బిగించేటప్పుడు ముందు బ్యాటరీ అని పెట్టె మీద బొమ్మలతో, ఆ ఊరి భాషలో అంటించండి.

ఆవిడ ఇంట్లో నేను స్విచ్ బిగించాను. దాని పక్కన గోడ మీద బొగ్గుతో 1 అని, బ్యాటరీ దగ్గర 2 అని రాసి వచ్చాను.

ఇట్లు,
ఒక సోలార్ మెకానిక్