129 ఓట్ల తేడా, మా నాన్న సంతకం

సంపాదకుడి గారికి నమస్కారం.

అమెరికా ఎన్నికల గురించి మనవాళ్లు మాట్లాడుకునేటప్పుడు తరచూ ఒక మాట వింటుంటాను, లెక్కపెట్టిన ప్రతిసారీ అంకె మారిందంటే లోపల ఏదో మతలబు ఉన్నట్టే అని. నేనుండేది వాషింగ్టన్ రాష్ట్రంలో (వైట్‌హౌస్ ఉన్న ఊరు కాదు, సియాటిల్ ఉన్న రాష్ట్రం). ఆ మాట విన్నప్పుడల్లా నాకు 2004లో ఇక్కడ జరిగిన గవర్నర్ ఎన్నిక గుర్తొస్తుంది, దాంతోపాటు మా నాన్న సంతకం కూడా. సంతకం సంగతి చివర్లో చెప్తాను.

ఇక్కడ గవర్నర్ అంటే ఢిల్లీ పంపిస్తే వచ్చే పెద్దమనిషి కాదు, మన ముఖ్యమంత్రి లాంటి పదవి, నేరుగా జనమే ఎన్నుకుంటారు. ఆ ఏడాది డెమోక్రాట్ల తరఫున అప్పటి రాష్ట్ర అటార్నీ జనరల్ (ప్రభుత్వ ప్రధాన లాయరు) క్రిస్టీన్ గ్రెగ్వార్, రిపబ్లికన్ల తరఫున డినో రోసీ పోటీ పడ్డారు. రోసీది సమామిష్, ఇవాళ మన తెలుగువాళ్లు బాగా ఉండే ఊరే. పోలైనవి 28 లక్షల పైచిలుకు ఓట్లు. మొదటి లెక్కలో రోసీకి 261 ఓట్ల ఆధిక్యం వచ్చింది. తేడా అంత తక్కువుంటే ఎవరూ అడగకపోయినా మెషీన్లతో మళ్లీ లెక్కపెట్టాలని రూలు, పెడితే అది 42కి దిగింది. డెమోక్రాట్లు దాదాపు 7 లక్షల 30 వేల డాలర్లు కట్టి, మెషీన్లు వద్దు చేత్తో లెక్కపెట్టండి అన్నారు. ఫలితం తారుమారైతే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు, ఇచ్చారు కూడా.

అసలు గొడవంతా సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మొదలైంది. పోస్టులో పంపే బ్యాలెట్ కవరు మీద ఓటరు సంతకం పెట్టాలి, దాన్ని ఓటరుగా నమోదైనప్పుడు పెట్టిన సంతకంతో సరిచూస్తారు. కొన్ని వందల మంది పాత సంతకాలు కంప్యూటర్లో కనిపించలేదు. అలాంటప్పుడు సిబ్బంది లేచి వెళ్లి పాత కాగితం కార్డు తీసి చూడాలి, కానీ చూడకుండానే చెల్లవని పక్కన పడేశారు. ఇది ఎలా బయటపడిందో తెలుసా? కౌంటీ కౌన్సిల్ సభ్యుడు లారీ ఫిలిప్స్ తన పేటలో ఎవరెవరి ఓట్లు చెల్లలేదో చూద్దామని జాబితా తిరగేస్తుంటే అందులో ఆయన పేరే కనిపించింది! ముందు 573 అనుకున్న కవర్లు తవ్వేకొద్దీ 735 అయ్యాయి. రిపబ్లికన్లు కోర్టుకెళ్లారు, రాష్ట్ర సుప్రీంకోర్టు డిసెంబరు 22న వాటిని లెక్కించవచ్చని చెప్పింది. ఆ కవర్లు కలపకముందే చేతి లెక్కలో గ్రెగ్వార్ 10 ఓట్లు ముందున్నారు, కలిపాక తేడా 129 అయింది. ఆమెకు 13,73,361, ఆయనకు 13,73,232.

రోసీ ఊరుకోలేదు, ఊరుకోవాలని నేననను కూడా. అంత దగ్గరి ఎన్నికలో, అంత గందరగోళంగా పనిచేసిన కౌంటీని చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మళ్లీ ఎన్నిక పెట్టాలన్న కేసు వెనాచీ అనే చిన్న ఊళ్లో విచారణకొచ్చింది. 2005 జూన్ 6న జడ్జి జాన్ బ్రిడ్జెస్ తీర్పు చెప్పారు. చెల్లని ఓట్లు పడ్డమాట నిజమే, ఎక్కువగా ఓటు హక్కు కోల్పోయిన నేరస్తులవి, మొత్తం 1,678 అని ఆయనే తేల్చారు. కానీ రహస్య బ్యాలెట్ కదా, అవి ఎవరికి పడ్డాయో రుజువేదీ అన్నారు. నలుగురు శిక్షపడ్డవాళ్లు మాత్రం మేం రోసీకే వేశామని చెప్పారు, ఆ నాలుగూ తీసేశారు, తేడా 133 అయింది. కేసు వేసినాయనకే ఇంకో నాలుగు తగ్గాయన్నమాట! రోసీ అప్పీలుకు వెళ్లనని అదే రోజు చెప్పేశారు.

ఇందులో దొంగతనం నాకైతే కనిపించదు. కనిపించేది లేచి వెళ్లి కార్డు తీయని బద్ధకం. ఇంకొకటి, ముందు రోసీ గెలిచాడని, తర్వాత గ్రెగ్వార్ గెలిచారని ధ్రువీకరించిందీ ఒకే మనిషి, రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ శామ్ రీడ్, ఆయన రిపబ్లికన్. సొంత పార్టీవాళ్ల తిట్లు తింటూనే ఆ పని చేశారు. మనకు మాత్రం ఇలాంటివి కొత్తా, 1989లో అనకాపల్లి లోక్‌సభ సీటు 9 ఓట్లతో తేలింది కదా.

ఇక మా నాన్న. ఊళ్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, ఇక్కడ పౌరసత్వం వచ్చాక మొదటిసారి ఓటేశారు. డ్రైవింగ్ లైసెన్సుకు తెలుగులో సంతకం పెట్టిన మనిషి (ఓటరు నమోదులో ఉన్నదీ ఆ సంతకమే), బ్యాలెట్ కవరు మీదికొచ్చేసరికి "వీళ్లకి తెలుగేం తెలుస్తుందిరా" అని ఇంగ్లీషులో గీకేశారు. సంతకం కలవలేదని ఉత్తరం వచ్చింది. దాన్ని ఆయన పిజ్జా కూపన్ల మధ్య పడేశారు, చెత్తబుట్టలోకి వెళ్లేలోపు మా ఆవిడ చూసింది కాబట్టి సరిపోయింది. ఫలితాలు ఖరారయ్యే ముందురోజు దాకా సరిచేసుకునే వీలుంది, ఫారం నింపి పంపాం. సంతకం ఏ భాషలో ఉన్నా పర్వాలేదు, రెండు చోట్లా ఒకేలా ఉంటే చాలు.

మీ ఎన్నారై పేజీలో సంఘాల సభల ఫొటోలు బాగానే వేస్తున్నారు. అక్టోబరులో బ్యాలెట్లు ఇంటికొచ్చే రోజుల్లో ఈ సంతకం ముక్క కూడా వేయండి, పెద్దవాళ్లు మీ పత్రికే చదువుతారు, ఇంగ్లీషు ఉత్తరాలు చదవరు.

నాన్న మొన్నటి ఎన్నికకు లైసెన్సు ఎదురుగా పెట్టుకుని, కళ్లజోడు సరిచేసుకుని, ఒక్కో అక్షరం చూసి మరీ తెలుగులో సంతకం పెట్టారు. "జీవితంలో మొదటిసారి కాపీ కొట్టాన్రా" అన్నారు.

ఇట్లు
మీ పాఠకుడు
వాషింగ్టన్ రాష్ట్రం, అమెరికా