ఫోటో కలిసిందంటే దొంగ అయిపోయినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను హన్మకొండల 22 ఏండ్ల సంది ఫోటో స్టూడియో నడుపుతున్న. పాస్‌పోర్ట్ ఫోటోలు, పెండ్లిళ్లు, బడి పిల్లల ఐడీ కార్డులు, ఇదే నా బతుకుదెరువు. ఈ మధ్య కెమెరాల పడ్డ ముఖాన్ని ఏఐతోని పోల్చి పోలీసులు దొంగలను పట్టుకుంటున్నరు అని పేపర్ల తెగ వస్తున్నది, అది చదివినప్పుడల్లా రాయాలె రాయాలె అనుకుంటున్న, ఇయ్యాల కూసున్న.

ముఖాల సంగతి నాకు తెలుసు సార్. ఒకే మనిషికి పొద్దున ఎండల ఒక ఫోటో, మాపటికి ట్యూబ్‌లైట్ కింద ఒక ఫోటో తీస్తే ఇంట్లోళ్లే ఇది నువ్వేనా అంటరు. రోడ్డు మీది సీసీ కెమెరా అయితే స్తంభం మీదికెళ్లి కిందికి చూస్తది, నుదురు పెద్దగ, గదువ చిన్నగ పడతది, రాత్రయితే రంగు కూడా సరిగ రాదు.

పోయిన ఎండాకాలం మా షాపుల పనిచేసే పిల్లగాన్ని ఒక స్టేషన్‌కు పిలిచిన్రు, బండి దొంగతనం కేసు అని. నేను కూడా ఉరికిన. ఫోన్ల ఆ ఫోటో చూపెట్టిన్రు, ముఖం బొటనవేలు గోరంత ఉన్నది, పెద్దగ చేస్తే మొత్తం గళ్లు గళ్లుగ పలిగిపోయింది, ముక్కేదో నీడేదో తెలుస్తలేదు. సిస్టమ్ల మ్యాచ్ అయింది అంటరు, అదే మాట. ఆ రాత్రి వాడు నాతోటి కాజీపేటల పెండ్లి షూటింగ్‌ల ఉన్నడు, లైటు పట్టుకొని నిలబడ్డ ఫోటో టైంతో సహా నా కెమెరా కార్డుల దొరికింది కాబట్టి ఇంటికి పంపిన్రు. అది దొరకకపోతే వాని గతేంది? అయినా నాలుగు రోజులు పనికి రాలే, వాళ్ల అమ్మ బయటికి పోనియ్యలే.

వాని ఫోటో వాళ్ల దగ్గరికి ఎట్ల పోయిందంటే, అంతకుముందు ఒక రాత్రి పెండ్లికెళ్లి వస్తుంటే చెకింగ్‌ల ఆపి తీసుకున్నరట. 2021 లాక్‌డౌన్‌ల హైదరాబాద్‌ల సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారిని కూడా గట్లనే మాస్క్ తీయమని ఫోటో కొట్టిన్రు, ఆయన హైకోర్టుకు పోయిండు, 2022 జనవరిల సర్కారుకు నోటీసులు కూడా వచ్చినయి. మన దగ్గర 2018లనే పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌ల ముఖాలు గుర్తుపట్టే సిస్టమ్ పెట్టిన్రు.

మిషన్ తప్పు చేయదు అనేటోళ్లు డెట్రాయిట్ సంగతి చూడాలె. 2020ల రాబర్ట్ విలియమ్స్ అనే ఆయనను గడియారాల దొంగతనం అని భార్యాపిల్లల ముందే బేడీలేసి తీస్కపోయిన్రు, మిషన్ తప్పుగ గుర్తుపట్టింది. 2024ల 3 లక్షల డాలర్లు కట్టి, ఇగ ఒక్క ఫేస్ మ్యాచ్ మీదనే అరెస్టు చేయం అని అక్కడి పోలీసులు ఒప్పుకున్నరు. అమెరికా సర్కారు సంస్థ నిస్ట్ 2019ల పరీక్ష చేస్తే చానా సాఫ్ట్‌వేర్లు తెల్లోళ్ల కంటే నల్లోళ్లను, ఆసియావాళ్లను 10 నుంచి 100 రెట్లు ఎక్కువ తప్పు కలిపినయి.

మిషన్ లేకున్నా పోలిక ఎంత పని చేస్తదో మెదక్‌ల చూసినం. 2023ల చైన్ స్నాచింగ్ ఫుటేజీల ఉన్నోని లెక్క ఉన్నడని ఒక కూలి మనిషిని పట్టుకపోయిన్రు, స్టేషన్ల కొట్టిన్రన్న ఆరోపణలు వచ్చినయి, తర్వాత ఆయన గాంధీ దవాఖానల పానం ఇడిసిండు, హైకోర్టే సొంతంగ కేసు తీసుకున్నది.

నేను టెక్నాలజీ వద్దంటలేను. తప్పిపోయిన పిల్లలను మన పోలీసుల దర్పణ్ యాప్‌ల ముఖాలు పోల్చి తల్లిదండ్రుల దగ్గరికి చేర్చిన్రు, అది మస్తు మంచి పని, మేడారం జాతరల పిల్లలు తప్పిపోతే గీ ఏఐ పెట్టుండ్రి, నేనే చప్పట్లు కొడత. కానీ కేసుల మ్యాచ్ అయిందంటే అది ఒక ఆచూకీ అంతే. వేరే సాక్ష్యం ఒకటన్న దొరికినంకనే మనిషిని పిలవాలె, ఏ ఫోటోతోని కలిసింది, ఎంత శాతం కలిసింది అనేది కాయితం మీద రాసియ్యాలె. మీరు కూడా కోర్టు తేల్చకముందే ముఖం వేసి దొంగ దొరికిండు అని హెడ్డింగ్ పెట్టకుండ్రి.

మా పిల్లగాని ఫోటో ఆ సిస్టమ్ల ఇంకా ఉన్నదా, తీసేసిన్రా అని రెండుసార్లు పోయి అడిగిన, ఎవరూ చెప్తలేరు. పెద్ద సార్లు ఎవరన్న ఇది చదివితే దానికి జవాబు కావాలె.

ఇట్లు,
ఒక ఫోటోగ్రాఫర్, హన్మకొండ