బంచరాయి మీద గునుగు: మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా బతుకమ్మలో పేర్చే గునుగు పూల చుట్టూనే తిరిగింది. బతుకమ్మలోని మరో పువ్వు తంగేడు గురించి అంత బెంగ లేదు. పశువులు, మేకలు దాని ఆకు ముట్టవు, కొట్టేసినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. గునుగు అలా కాదు. తొలకరికి మొలిచి, బతుకమ్మ నాటికి పూసి, చలికాలానికి ఎండిపోతుంది. వచ్చే ఏడు కనబడాలంటే ఈ ఏడు గింజ రాలాల్సిందే.

ఆ గింజ రాలకముందే గడ్డి మందు పడుతోంది. దేవరకొండ వైపు మన పత్తి చెలకల్లో కూలీలు దొరక్క పొలం గెట్ల (గట్ల) మీద కూడా కొడుతున్నారు. ఆ గడ్డి మందు గ్లైఫోసేట్. ఆకు మీద పడితే వేరు దాకా దిగుతుంది, గరిక అనీ గునుగు అనీ చూడదు. పంటలో గునుగు కలుపే. పీకొద్దని మనం ఏ రైతుకూ చెప్పలేదు. గెట్టు మీద మాత్రం మందు కొట్టకుండా కార్తీకం దాకా ఆగమని అడిగాం. కొందరు ఒప్పుకున్నారు. మిగతావాళ్లు కూలి ఖర్చు ఎవరిస్తారన్నారు, అదీ న్యాయమే. అలాంటి గెట్లను మన సభ్యులే వెళ్లి కొడవళ్లతో కోసిచ్చారు.

ఏడాది మొత్తంలో పెద్ద టెన్షన్ బంచరాయిది, అంటే ఊరి ఉమ్మడి మేత భూమిది. కాగితాల్లో అది ఖాళీ భూమి కాబట్టి మొక్కలు నాటడానికి గుంతలు తీయడం మొదలైంది. జీవాలు మేపుకునేవాళ్లు వచ్చి చెబితే గానీ మనకు తెలియలేదు. మొక్కలు నాటడం మంచిపనే, కానీ చోటు చూసుకోవాలి. గునుగుకు నిండు ఎండ కావాలి, చెట్ల నీడ కమ్మితే అది నిలవదు. తీతువు పిట్టలు గుడ్లు పెట్టేదీ ఇలాంటి బయలు నేల మీదే. గ్రామసభలో ఈ మాటే చెప్పాం. చివరికి ఆ మొక్కలు రోడ్డు పక్కకు, బడి ఆవరణలోకి వెళ్లాయి.

బతుకమ్మ ముందు పూలు కోసుకెళ్లడానికి పట్నం నుంచి ట్రాలీ ఆటోలు వచ్చాయి. కోతను మనం అడ్డుకోలేదు, ఆ నాలుగు పైసలు ఊరి ఆడవాళ్లకు అవసరం. వేళ్లతో పెరకొద్దని మాత్రం గట్టిగా చెప్పాం. పైన కోస్తే పక్క కొమ్మలు వేసి మళ్లీ పూస్తుంది. గునుగు కంకి కింది నుంచి పైకి పూస్తుంది. కొన గులాబీ రంగులో ఉండగానే అడుగుభాగం వెండిలా తెల్లబడుతుంది. ఆ అడుగును అరచేతిలో నలిపితే ఆవగింజ కన్నా చిన్నవి, నల్లగా మెరిసే గింజలు రాలతాయి. బడి పిల్లలకు ఇది చూపించాక, కోసిన కంకులను బంచరాయి మీదే దులిపి ఇంటికి తెచ్చే అలవాటు వాళ్లే మొదలుపెట్టారు. ఈ ఏడాది పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా చూడవచ్చు.

సేకరించిన గింజను ఎండబెట్టి మూటలు కట్టాం. తొలకరికి ముందు బంచరాయి తూర్పు అంచున, జేసీబీ తిరిగి నేల గట్టిపడిన చోట చల్లాలి. గింజ లోతుగా పడితే మొలవదు, పైపైన గోకితే చాలు. దంతె (నేలను పైపైన గోకే పనిముట్టు) ఉన్నవాళ్లు తీసుకురండి.