కట్టడాల అధ్యయన విభాగం వార్షిక నివేదిక: డెస్ట్రెహాన్ భవంతి

గౌరవ సభ్యులకు నమస్కారం.

లూసియానాలోని మన సంఘం కట్టడాల విభాగం ఈ ఏడాది ఒక్క ఇంటినే పట్టుకుంది. న్యూ ఆర్లీన్స్‌కు ఎగువన, సెయింట్ చార్లెస్ పారిష్‌లో (పారిష్ అంటే ఇక్కడి జిల్లా), మిసిసిపీ కరకట్ట పక్కనున్న డెస్ట్రెహాన్ ప్లాంటేషన్ భవంతి అది. తెలుగులో వివరణ ఫలకాలు, మట్టిగోడ నమూనా, చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక చిన్న పటం సిద్ధమయ్యాయి. పిల్లల బొమ్మల పుస్తకం వచ్చే ఏడాదికి వాయిదా పడింది.

ఒప్పందంలో ఉన్న ఇల్లు

ఇక్కడి పాత భవంతుల్లో చాలావాటిని ఎవరు కట్టారో చెప్పే కాగితం దొరకదు. దీనికి దొరికింది. 1787 జనవరిలో తోట యజమాని రాబిన్ ద లోన్యీ, ఛార్లెస్ పాకే అనే మేస్త్రీతో ఒప్పందం రాసుకున్నాడు. పాకే బానిస కాదు, స్వేచ్ఛ ఉన్న నల్లజాతి వాడు. ఇల్లు 60 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు ఉండాలి. 10 అడుగుల ఇటుక దిమ్మెల మీద లేవాలి. చుట్టూ 12 అడుగుల వసారా రావాలి. పని 1790లో పూర్తయింది. కూలి కింద రాసినవి: 100 పియాస్త్రలు (అప్పటి స్పానిష్ వెండి నాణేలు), ఒక ఆవు, దూడ, 50 క్వార్ట్ల వడ్లు, 50 క్వార్ట్ల మొక్కజొన్న, ఒక బానిస. మనిషినీ దూడనూ ఒకే వరసలో రాసిన ఈ జాబితాను ఫలకం మీద ఉన్నదున్నట్టు పెట్టాం, వ్యాఖ్య చేర్చలేదు.

ఫొటోల్లో కనిపించే లావుపాటి తెల్లటి డోరిక్ స్తంభాలు పాకే కట్టినవి కావు. 1840 ప్రాంతంలో గ్రీకు శైలి మోజు వచ్చినప్పుడు, పాత సన్నటి స్తంభాల స్థానంలో ఇటుకతో కట్టి పైన పూత పూశారు. రెండు పక్కలనున్న చిన్న భవనాలు అంతకుముందే, యజమాని అల్లుడు జాన్ నోయెల్ డెస్ట్రెహాన్ కాలంలో చేరాయి. మొదటి పంట నీలిమందు. డెస్ట్రెహాన్ బావ ఎత్యెన్ ద బోరే 1795లో చెరకు రసాన్ని పలుకు కట్టించి లాభం చూపించాక తోటలు చెరకు వైపు మళ్లాయి.

ఫలకాల్లో తప్పించుకోకూడని సంవత్సరం 1811. ఆ జనవరిలో ఈ నదీతీరంలో బానిసలు తిరగబడ్డారు. పట్టుబడ్డవారిని ఈ తోటలోనే విచారించి మరణశిక్షలు వేశారు. తీర్పు చెప్పినవారిలో డెస్ట్రెహాన్ ఒకడు. చంపినవారి తలలను నది గట్టు వెంట గుంజలకు ఎక్కించారు.

మట్టిగోడ ఎలా నిలుస్తుంది

సైప్రస్ గుంజల మధ్య బంకమట్టి నింపిన గోడను ఇక్కడ బూజియాజ్ అంటారు. మన పల్లెల్లో మట్టిలో వరిగడ్డి తొక్కినట్టే, వీళ్లు చెట్ల కొమ్మలకు పీచులా వేలాడే స్పానిష్ మాస్ అనే మొక్కను తొక్కేవారు. చెట్ల నుంచి తెంపిన పచ్చిది పనికిరాదు. దాన్ని తడిపి కుప్పేసి, పై పొర కుళ్లనిచ్చి, లోపలి నల్లటి నార మిగిలాకే వాడాలి.

నమూనా చట్రం 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. గుంజల మధ్య సుమారు 4 అంగుళాలకొకటి చొప్పున అడ్డకర్రలు బిగించాం. నార కలిపిన మట్టిని ముద్దలు చేసి, ఒక్కొక్కటీ అడ్డకర్ర మీద రెండువైపులా వేలాడేలా వేసి, కింది ముద్దలోకి నొక్కాలి. నీళ్లు ఎక్కువైతే ఆరేటప్పుడు మట్టి కుంచించుకుని గుంజ పక్కన సందు పడుతుంది; నార తక్కువైతే నెర్రెలు విచ్చుతాయి. లోపల తడి ఉండగా సున్నం పూస్తే పూత పెచ్చులుగా రాలుతుంది, కాబట్టి వారాలు ఆగాల్సిందే. అసలు భవంతిలోనూ గోడ లోపలి భాగం చూపించడానికి పూత వేయకుండా వదిలిన చోటు ఉంది, తప్పక చూడండి.

12 అడుగుల వసారా ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. అది నీడ కోసమే కాదు, వాన జల్లు మట్టిగోడకు తగలకుండా కూడా. 10 అడుగుల ఎత్తు వరదకూ, నేల తేమకూ జవాబు.

ఇలాంటి ఇళ్లను బాగా పాడుచేసేది సిమెంటు. ఇక్కడి ఇటుక మెత్తనిది. సందుల్లో సిమెంటు నింపితే తేమ సందులోంచి పోలేక ఇటుకలోంచి పోతుంది, ఇటుక ముఖం పొరలుగా ఊడుతుంది. మట్టిగోడ మీద పూస్తే లోపలి గుంజ పుచ్చుతుంది, ఆపైన చెదలు. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక చాలు.

డెస్ట్రెహాన్‌కు మాత్రం మనుషుల దెబ్బే పెద్దది. 1914 నుంచి స్థలం చమురు శుద్ధి కంపెనీల చేతిలో ఉండేది. 1950ల చివర కర్మాగారం మూతపడ్డాక ఇల్లు దిక్కులేనిదైంది. ఓడదొంగ లఫీట్ నిధి ఉందన్న పుకారుతో గోడలకు కన్నాలు పెట్టారు. 1968లో ఏర్పడ్డ రివర్ రోడ్ హిస్టారికల్ సొసైటీకి, 1971లో కంపెనీ ఇంటిని 4 ఎకరాలతో విరాళంగా ఇచ్చింది.

సర్వసభ్య సమావేశానికి

ప్లాంటేషన్ భవంతుల్లో పెళ్లిళ్లు, పుట్టినరోజులు జరపడానికి వేదిక సూచించమని సభ్యులు అడుగుతున్నారు. సంఘం పేరుతో అలాంటి సిఫారసు చేయవద్దని విభాగం అభిప్రాయం. చదువు కోసం వెళ్లే యాత్రలకు మాత్రం సాయం చేద్దాం. దీన్ని తీర్మానంగా ప్రవేశపెడుతున్నాం, ఓటింగుకు పెట్టగలరు.